బల్ల కింది భోజనం

ఆ ఇల్లాలిని ఫ్యాక్టరీలో అందరూ చెకింగమ్మ అంటారు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. మిషన్ల మీద కుట్టిన ప్రతి చొక్కా చివరికి ఆవిడ బల్ల మీదికి రావలసిందే. కాలరు తిప్పుతుంది, చెయ్యి లోపలికి దూర్చి చంక దగ్గర కుట్టు వెంట వేలు పోనిస్తుంది, గుండీల వరస మీద బొటనవేలు నొక్కుతూ పోతుంది. ఒక్క కుట్టు తప్పినా అక్కడ చిన్న ఎర్ర కాగితం అంటించి వెనక్కి కొడుతుంది. ఆవిడ వదిలిన చొక్కాను సూపర్‌వైజరు కూడా మళ్ళీ విప్పి చూడడు. అంత కన్ను. మరి అంత కన్ను పెట్టుకుని సొంత ఇంట్లో, సొంత బల్ల కింద, తన కాళ్ళ పక్కనే జరుగుతున్న తతంగం ఆవిడకి ఎందుకు కనబడలేదో వినండి.

ఆవిడ మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఒకరోజు లిఫ్టు గోతిలో నిచ్చెన మీద నిలబడి ఉండగా కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కనున్నవాడు నడుం పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. డాక్టరు చూసి, బీపీ బాగా ఎక్కువగా ఉంది, ఉప్పు తగ్గించండి, వేపుళ్ళు మానండి, కూరగాయలు ఎక్కువ తినండి అన్నాడు. ఆయన అన్నది మూడు ముక్కలే. చెకింగమ్మ దాన్ని తలకెత్తుకుంది. ఎత్తుకున్నాక ఇంక దించే మనిషా? ఉప్పు డబ్బా పై అటకెక్కింది. మూకుడు మంచం కిందికి పోయింది. పంచదార ఇంట్లోంచే వెళ్ళిపోయింది. మొగుడికి చెప్పిన పథ్యం అత్తగారికీ కూతురికీ కూడా వర్తించింది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలేమిటని ఆవిడ వాదన.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ మొండిదే గాని, ప్రేమ లేనిది కాదు. పొద్దున్నే లేచి ఒకే కూరగాయని మూడు రకాలుగా తరిగేది. మొగుడికి పెద్ద పెద్ద ముక్కలు, ఎందుకంటే చిన్న ముక్కలు చూస్తే ఆయనకి ఆసుపత్రి గుర్తొస్తుందట. అత్తగారికి పళ్ళు కదులుతున్నాయి కాబట్టి సన్నగా, గింజలంత. హైస్కూలు చదివే కూతురికి క్యారెట్టు పువ్వుల్లా, బీన్సు ఏటవాలుగా, బీట్‌రూటు నెలవంకల్లా. అలా కాకపోతే ఆ పిల్ల పళ్ళెం వంక చూడదు. మూడు తరుగుడులూ మూడు గిన్నెల్లో ఆవిరి మీద ఉడికేవి. ఇంత చేసి, తను మాత్రం పొయ్యి దగ్గర నిలబడి రెండు ముద్దలు పెరుగన్నం నోట్లో వేసుకుని ఫ్యాక్టరీ బస్సు కోసం పరిగెత్తేది. సెలవు రోజున కూడా అందరికీ వడ్డించడంలోనే పొద్దు పోయేది.

మొదటి రోజుల్లో ఇంట్లో గొడవ కాలేదని కాదు. అత్తగారు పెదవి విరిచింది. కూతురు మూతి ముడిచింది. మొగుడు, "ఏమే, కాస్త ఉప్పు..." అని నసిగాడు. ఆవిడ ఒక్క చూపు చూసింది. అంతే, ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనలేదు. పైగా వింత ఏమిటంటే, కొద్ది రోజులకే పళ్ళేలు కడిగినట్టు ఖాళీ అవడం మొదలైంది. చెకింగమ్మ పొంగిపోయింది.

"అలవాటు చేస్తే మనుషులు ఏదైనా తింటారు," అని ఫ్యాక్టరీలో తోటివాళ్ళకి చెప్పుకుంది. "మా ఇంట్లో ఇప్పుడు ఒక్క ముక్క మిగలదు. వంకలు పెట్టే మాట లేదు."

ఆ ఇంట్లో ఇంకో జీవి ఉంది. పేరు బటన్. గోధుమరంగు కుక్క, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. కూనగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ వెనక గుడ్డముక్కల బస్తాలో దొరికింది. ఇంటికి తెచ్చిన పూటే చొక్కా గుండీ ఒకటి గుటుక్కున మింగి అందర్నీ హడలగొట్టి, మర్నాడు దాన్ని పెరట్లో క్షేమంగా అప్పగించింది. ఆ గుండీ పేరే దానికి స్థిరపడిపోయింది. ఏదైనా సరే నమలకుండా మింగడం దాని పద్ధతి, ఆ పద్ధతి పెద్దయ్యాక కూడా మారలేదు.

చెకింగమ్మకి బటన్ అంటే పంచప్రాణాలు. సాయంత్రం బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి గేటు దగ్గర ఆ నిలబడ్డ చెవి కనబడాలి. రోజంతా ఎర్ర కాగితాలు అంటించి అంటించి అందరిచేతా తిట్లు తిన్న మనిషికి, తను రావడమే చాలు అనుకునే ప్రాణి ఒకటి ఉందంటే ఎంత హాయిగా ఉంటుంది? అందుకే పథ్యం పెట్టినప్పుడు దాన్ని కూడా మరిచిపోలేదు. అంతకుముందు దానికి అత్తగారు టీలోకి తెచ్చుకున్న బిస్కెట్లు పడేసేవాళ్ళు.

"బిస్కెట్లలో అంతా పంచదారే అత్తయ్యా," అంది కోడలు. "మనకి వద్దన్నది దానికి మాత్రం ఎందుకు? ఎండుద్రాక్ష పెడదాం. రక్తం పడుతుంది."

"నీ ఇష్టం అమ్మాయ్," అంది అత్తగారు. ఈ మధ్య ఆవిడ దేనికైనా అదే మాట.

రోజూ ఒకటో రెండో ఎండుద్రాక్షలు బటన్ నోట్లోకి వెళ్ళేవి. గుటుక్కున మింగి తోక ఊపేది. ఏమీ కాలేదు. ఇంకేం, ధైర్యం వచ్చింది.

బల్ల దగ్గర కుక్కకి ఏదీ పెట్టకూడదని ఆ ఇంట్లో గట్టి నియమం. అయినా భోజనాల వేళ అది బల్ల కింద చేరి బుద్ధిగా పడుకునేది. అరుపు లేదు, గీకుడు లేదు, అడుక్కోవడం లేదు. "చూడండి దీని క్రమశిక్షణ. చూసి నేర్చుకోండి," అనేది చెకింగమ్మ. అప్పుడు మొగుడి చేతిలోంచి చెంచా జారి కింద పడేది. ఆయన వంగేవాడు. ఈ మధ్య ఆయన చెంచా మాటిమాటికీ జారిపోతోంది. పాపం బీపీ వల్ల చేతులు పట్టు తప్పుతున్నాయేమోనని ఆవిడ లోలోపల బెంగపడేది కూడా.

ఆదివారం మధ్యాహ్నం బీట్‌రూటు, క్యారెట్టు, బీన్సు. ఆవిడ సూపు వేడిచేసి తెచ్చేసరికి మూడు పళ్ళేలూ ఖాళీ. ఆవిడకి సంతోషం పట్టలేదు. బల్ల కిందికి వంగి చూస్తే బటన్ కాళ్ళు బార్లా చాపి, కడుపు పైకి పెట్టుకుని పడుకుని ఉంది.

"మా బంగారమే. ఇంతసేపు కదలకుండా ఉన్నావా?" అంటూ డబ్బా తీసి, ఆ ముచ్చటలో ఒకటీ రెండూ కాదు, ఏకంగా గుప్పెడు ఎండుద్రాక్ష దాని గిన్నెలో పోసింది. అది ఊపిరి తిప్పుకోకుండా మింగేసింది.

సాయంత్రం టీ వేళకి బటన్ లేవలేదు. పిలిస్తే తోక కొస కదిపి ఊరుకుంది. తర్వాత వెనక గదిలోంచి కూతురి పిలుపు వినబడింది.

"అమ్మా, ఇలా రా. బటన్ కక్కింది. ఎర్రగా ఉంది."

చెకింగమ్మ వెళ్ళి చూసింది. తెల్లటి నేల మీద కొంచెమే, కానీ ఎర్రగా. నెత్తురే అనుకుంది ఆవిడ. మొగుణ్ణి కేకేసింది. మొగుడు గబగబా కుక్కని దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాడు. అందరూ ఆయన పనిముట్ల వ్యాన్ ఎక్కారు. అత్తగారు ఇంట్లో ఉంటానంటుందేమో అనుకుంటే, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. దారంతా చెకింగమ్మ ఒళ్ళో బటన్ తల. నిలబడే చెవి కూడా వాలిపోయింది. ఆ చెవిని వేళ్ళతో పైకి నిలబెట్టి చూసింది, వదిలితే మళ్ళీ పడిపోయింది. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

పశువుల డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. కుక్క చిగుళ్ళు చూసింది, కడుపు నొక్కింది.

"కడుపు రాయిలా ఉంది. చాలానే తిన్నట్టుంది. ఏం పెట్టారు ఇవాళ?"

"మామూలుగా పెట్టే కుక్కల తిండేనండీ, పొద్దున," అంది చెకింగమ్మ. "మా బల్ల దగ్గర దానికి ఒక్క మెతుకు కూడా పెట్టం. మా ఇంట్లో నియమం."

వెనక నిలబడ్డ ముగ్గురూ గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

"సరే, ముందు కక్కిద్దాం," అని డాక్టరమ్మ సూది వేసి, స్టీలు ట్రే ముందు పెట్టింది. కాసేపటికి బటన్ కడుపులో ఉన్నదంతా ట్రేలోకి వచ్చేసింది. నమలకుండా మింగే కుక్క కదా, మింగింది మింగినట్టే ఉంది. డాక్టరమ్మ పట్టకారుతో కెలికి చూసింది.

"భయపడకండి. ఇది నెత్తురు కాదు, బీట్‌రూటు. కుక్కకి బీట్‌రూటు పెడతారా మీరు?"

"లేదండీ," అంది చెకింగమ్మ. "బీట్‌రూటు మేం తింటాం."

అని తనూ ట్రే మీదికి వంగింది. ఆ కళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పక్క పెద్ద పెద్ద ముక్కలు. ఇంకో పక్క గింజలంత సన్నటి తరుగు, కుప్పగా. మధ్యలో క్యారెట్టు పువ్వులు, ఒక్క రేకు కూడా విరగకుండా. నెలవంకలు. ఏటవాలు బీన్సు. పొద్దున తను కత్తిపీట ముందు కూర్చుని వేళ్ళు ఎర్రబడేదాకా తరిగిందంతా, ముగ్గురికీ వేరువేరుగా వడ్డించిందంతా ఒక్క పొట్టలోంచి బయటికొచ్చి స్టీలు ట్రేలో చేరి ఉంది. ఆవిడ నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"పెద్ద ముక్కలు మీవి," అంది మొగుడితో. తర్వాత కూతురి వైపు తిరిగింది. "సన్నవి అత్తయ్యవి. పువ్వులు నీవి."

తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు ముగ్గురూ. ముందుగా నోరు విప్పింది అత్తగారే.

"నేనొక్కదాన్నే పెడుతున్నాననుకున్నాను అమ్మాయ్. ఒళ్ళో రుమాలు పరుచుకుని అందులోంచి... మీ ఆయన పెడుతున్నాడని నాకేం తెలుసు?"

"నువ్వా అమ్మా?" అన్నాడు మొగుడు ఆశ్చర్యపోయి. "నేను చెంచా పడేసినప్పుడల్లా దాని నోరు అప్పటికే నిండి ఉండేది. అదేమిటా అనుకునేవాణ్ణి."

"బల్ల కింద నానమ్మ రుమాలుకి నా చెయ్యి తగిలేది," అంది కూతురు. "నానమ్మ చూసేసిందేమో అని రోజూ భయపడేదాన్ని."

డాక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు కనబడకుండా. చెకింగమ్మకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఖాళీ పళ్ళేలు చూసి ఊరంతా చెప్పుకుంది. ఆ పళ్ళేలు ఖాళీ చేసింది కుక్క. ఆ ఇంట్లో పథ్యం నిష్ఠగా చేసింది అదొక్కటే.

"మీ ముగ్గురూ కలిసి దాన్ని చంపేస్తున్నారు," అంది. "ముందే నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయారా? నచ్చలేదని అనలేకపోయారా? నోరులేనిదాని నోట్లో కుక్కారా?"

"కాస్త ఆగమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ కూరగాయలు దీన్ని ఏమీ చెయ్యవు. ఉప్పు లేదు, నూనె లేదు, ఉల్లిపాయ కూడా కనబడటం లేదు. కడుపు బరువెక్కుతుందంతే." పట్టకారుతో ముక్కల మధ్యలోంచి ఒకదాన్ని బయటికి లాగింది. నల్లగా, నీళ్ళు పీల్చి ఉబ్బిన చిన్న ఉండ. పక్కన ఇంకొకటి. ఇంకా ఉన్నాయి. "నాకు ఇవి కావాలి. ఇవేమిటి? ఎవరు పెట్టారు?"

మొగుడూ కూతురూ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెకింగమ్మ ఒక్కతే తడుముకోలేదు.

"ఎండుద్రాక్షండీ. అవి నేనే పెట్టాను. బిస్కెట్లు మాన్పించి వీటిని అలవాటు చేశాను. మంచివే కదా."

డాక్టరమ్మ పట్టకారు ట్రేలో పెట్టేసింది.

"మనకి మంచివేనమ్మా. కుక్కకి ద్రాక్ష విషం. పచ్చివైనా, ఎండువైనా. కొన్నిటికి ఏమీ కాదు, కొన్నిటికి గుప్పెడుతోనే మూత్రపిండాలు పోతాయి. ఏ కుక్కకి ఏమవుతుందో ముందుగా చెప్పలేం."

చెకింగమ్మ మళ్ళీ ట్రే వంక చూసింది. ముగ్గురు దొంగచాటుగా పెట్టింది మంచి తిండి. తను ఒక్కతే అందరి ముందూ, ముద్దు చేస్తూ, గిన్నెలో పోసి పెట్టింది విషం. అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

ఇప్పుడు ఎదురు తిట్టడానికి ఆ ముగ్గురికీ ఎంత చక్కటి అవకాశం చూడండి. ఒక్కరూ తిట్టలేదు. అత్తగారు వచ్చి కోడలి తల తన నడుముకి ఆనించుకుంది.

"నీకు తెలిసి పెట్టావా ఏమిటి? ఊరుకో. మా ఎవరికి మాత్రం తెలుసు?"

"ఎంతసేపయింది పెట్టి?" డాక్టరమ్మ అడిగింది.

"మధ్యాహ్నం. భోజనాలు అవగానే."

"అయితే ఒక రకంగా కలిసొచ్చింది. అప్పటికే కడుపు కూరగాయలతో కిక్కిరిసి ఉంది. అందుకే ఇవి కిందికి జారకుండా వాటి మధ్య ఇరుక్కున్నట్టున్నాయి. చాలామటుకు బయటికి వచ్చేశాయి. ఇన్నాళ్ళూ రోజూ పెట్టారు కాబట్టి ఇక్కడే ఉంచి సెలైను ఎక్కిస్తాను, రక్తపరీక్షలు చూస్తాను. అవి బాగా వచ్చేదాకా గండం గడిచిందని మాత్రం అనను. ఇంకో మాట, ఇంట్లో చాక్లెట్టు, ఉల్లి, వెల్లుల్లి, చక్కెర లేనివని అమ్మే తీపి బిళ్ళలు, చూయింగ్ గమ్ములు దానికి అందకుండా పెట్టుకోండి. మన ఆరోగ్యానికని కొన్నవే వీటికి ప్రాణం మీదికి తెస్తుంటాయి."

బటన్‌ని అక్కడ వదిలి ఇంటికి వచ్చారు. గేటు దగ్గర ఎవరూ లేరు. చెకింగమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళి, మధ్యాహ్నం మిగిలిన కూర వేడి చేసి పళ్ళేల్లో పెట్టింది. బల్ల కింద ఖాళీ. చెంచా జారినా అందుకునే నోరు లేదు. మొగుడు పెద్ద ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు, నమిలాడు, నీళ్ళు తాగాడు. అత్తగారు రుమాలు ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టేసింది. కూతురు పువ్వు మీద పువ్వు మింగుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కుక్క కోసమో కూర కోసమో తెలియలేదు. అందరూ పళ్ళేలు ఖాళీ చేశారు. ఈసారి నిజంగానే.

చెకింగమ్మ కూడా ఆ రోజు మొదటిసారి వాళ్ళతో పాటు బల్ల దగ్గర కూర్చుంది. ఒక బీన్సు ముక్క నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. ఫ్యాక్టరీలో అయితే ఎర్ర కాగితం అంటించి వెనక్కి కొట్టాల్సిన సరుకు.

"ఇదేమిటండీ ఇలా ఉంది?" అంది.

"ఏం చెప్పమంటావే," అన్నాడు మొగుడు తలొంచుకుని. "తడిసిన అట్టముక్కలా ఉంటుంది. నీ కష్టం చూస్తే చెప్పడానికి నోరు రాదు. క్యాంటీన్లో బన్ను తిని కడుపు నింపుకుంటున్నాను."

"బన్నా? ఉప్పు, మైదా... అయితే మీ బీపీ?"

"అదీ అలాగే ఉందే."

ఆవిడకి కోపం రావాలి. రాలేదు. చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ చల్లగా ఉన్నాయి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో వాళ్ళకే తెలుసు. పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళేముందు ఒకసారి, బస్సు దిగాక ఒకసారి ఆవిడ ఆసుపత్రికి పోయి గాజు తలుపు అవతల పడుకున్న బటన్‌ని చూసి వచ్చేది. ఫ్యాక్టరీలో కాలరు తిప్పబోయి అలాగే పట్టుకుని ఉండిపోయేది. ఒక పూట వెళ్ళేసరికి సెలైను గొట్టంతోనే బటన్ తల ఎత్తింది. వాలిన చెవి వాలే ఉంది. నిలబడే చెవి మాత్రం, మెల్లగా, నిలబడింది. డాక్టరమ్మ వెనక నుంచి వచ్చి, "పరీక్షలన్నీ బాగా వచ్చాయమ్మా, రేపు తీసుకుపోండి," అంది. చెకింగమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది.

బటన్ ఇల్లు చేరింది. ఎండుద్రాక్ష డబ్బా బిగించిన మూతతో అటక ఎక్కింది. దానికి బదులు, డాక్టరమ్మని అడిగి, ఉడికించిన క్యారెట్టు ముక్క ఒకటి బహుమతి అయింది. ఉప్పు డబ్బా పూర్తిగా కిందికి దిగలేదు గాని, మిరియాలూ నిమ్మకాయా వంటింట్లోకి వచ్చాయి. ఆవిరి గిన్నె పక్కనే పెనం వెలిసింది, దాని మీద కాసింత నూనెతో కూరముక్కలు అంచులు ఎర్రబడేదాకా వేగాయి. మొగుడు బన్ను మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. మూడు తరుగుడులు మాత్రం చెకింగమ్మ మానలేదు. అది ఆవిడ చేతి అలవాటు, పోదు.

బటన్ వచ్చిన మర్నాడు రాత్రి భోజనానికి నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అలవాటు కొద్దీ అది వచ్చి బల్ల కింద చేరింది. కాసేపు మొగుడి చెంచా వంక చూసింది. కాసేపు అత్తగారి ఒళ్ళోకి చూసింది. కూతురి చేతిని మూతితో పొడిచింది. ఎవరి చెయ్యీ కిందికి దిగలేదు. చివరికి పెద్ద నిట్టూర్పు విడిచి చెకింగమ్మ పాదాల మీద తల ఆనించి పడుకుంది.

అందరూ తింటున్నారు. చెకింగమ్మ ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుంది. దవడ ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పింది. కోడలి వంక చూసింది, పళ్ళెం వంక చూసింది, మళ్ళీ కోడలి వంక చూసింది.

"అమ్మాయ్," అంది గొంతు సవరించుకుని. "బీన్సు ఉడకలేదు. నిమ్మకాయ ఎక్కువైంది. నేను తినలేను."

మొగుడు చెంచా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. కూతురు నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆపేసింది.

చెకింగమ్మకి ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. బటన్ తల కిందనుంచి పాదాలు మెల్లగా లాక్కుని లేచింది. అత్తగారి పళ్ళెం అందుకుంది.

"ఇలా ఇవ్వండి అత్తయ్యా," అంది. "ఇంకాసేపు ఉడకనిచ్చి తెస్తాను."